ఒకే కుండలో వేర్వేరు కాలాల నాణేలు: ఎందుకు కలుస్తాయి, దొరికితే ఏం చెయ్యాలి

2022 చివర్లో ఏలూరు జిల్లా కొయ్యలగూడెం మండలం ఏదువాడలపాలెంలో ఒక ఆయిల్‌పామ్ తోటలో పైపులైను కోసం తవ్వుతుంటే చిన్న మట్టిపిడత బయటపడింది. అందులో 18 బంగారు నాణేలు ఉన్నాయి. సంగతి రెవెన్యూ అధికారుల దాకా వెళ్లింది, పేపర్లలో వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఇలాంటి వార్త కొత్తేం కాదు. ఇంటి పునాది తీసేటప్పుడో, చేపల చెరువు తవ్వేటప్పుడో, పాత మిద్దె గోడ కూల్చేటప్పుడో పిడతలు, చెంబులు బయటపడుతూనే ఉంటాయి.

దొరికిన మొదటి గంటలో ఏం చేశారన్నదే తర్వాత కథంతా నడిపిస్తుంది. చాలాచోట్ల జరిగేది ఒకటే. బంగారం ఒక పక్క, వెండి ఒక పక్క, రాగి ఒక పక్క వేరుచేస్తారు. మెరిసేవి పంచుకుంటారు. "ఇవి ఈమధ్యవే కదా" అని కొత్తగా కనిపించిన నాలుగు నాణేలు పిల్లల చేతిలో పెడతారు. కానీ ఆ నిధి ఎవరిదో, ఎప్పుడు దాచారో, దాని మీద ఎవరికి హక్కుందో చెప్పగలిగేది ఆ కలగలుపే. అందులోనూ కొత్తగా కనిపించే ఆ నాలుగు నాణేలే.

నిధి వేరు, చెల్లాచెదురు నాణేలు వేరు

ఒక కుండలో, గుడ్డమూటలో, గోడ గూట్లో ఒకేచోట ఉద్దేశపూర్వకంగా దాచిన నాణేలను నిధి అంటారు. పొలంలో పది గజాలకొకటి చొప్పున దొరికిన నాణేలు నిధి కావు. అవి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల చేతుల నుంచి జారిపోయినవి.

డెల్టాలో ఈ తేడా గమనించడం మరీ అవసరం. ఇక్కడి మట్టి ఉన్నచోట ఉండదు. 1986 ఆగస్టు వరద లాంటివి వస్తే గోదావరి తన ఒండ్రును ఊళ్ల మీద పరిచి పోతుంది. మెరక చెయ్యడానికి ట్రాక్టర్ల మీద పక్క ఊరి మట్టి తోలుతారు. కాలవ పూడిక తీసి గట్టున పోస్తారు. కాబట్టి ఒక గట్టు మీద విక్టోరియా కాణీ, 1957 నాటి నయాపైసా పక్కపక్కన కనిపిస్తే వాటిని ఒకే మనిషి దాచాడని అనుకోనక్కర్లేదు. మట్టే వాటిని కలిపి ఉండొచ్చు. అదే రెండూ ఒక చెంబులో దొరికితే మాత్రం లెక్క వేరు.

ధవళేశ్వరం చెప్పిన పాఠం

కలిసి దొరికిన నాణేలు ఎంత చెబుతాయో చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. ధవళేశ్వరంలో దొరికిన బంగారు నాణేల నిధి మీద మద్రాసు ప్రభుత్వ మ్యూజియం తన బులెటిన్‌లో 1966లో ప్రత్యేక అధ్యయనం ప్రచురించింది. రాసినవారు టి. బాలకృష్ణన్ నాయర్. ఆ నిధిలో తూర్పు చాళుక్యుల నాణేలు, చోళుల నాణేలు కలిసి ఉన్నాయి.

చాళుక్యుల రాజధాని రాజమహేంద్రవరం. చోళుల రాజధాని ఎక్కడో కావేరి గడ్డ మీద ఉంది. రెండు రాజ్యాల బంగారం ఒకేచోటికి ఎలా వచ్చింది? ఆ కాలపు చుట్టరికాలు చూస్తే అర్థమవుతుంది. రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ, రాజరాజ చోళుడి కూతురు. నరేంద్రుడి భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. రెండు రాజవంశాల మధ్య వియ్యం ఉంది, సైన్యాల రాకపోకలున్నాయి, వర్తకం ఉంది. ఒక రాజు నాణెం ఇంకో రాజు గడ్డ మీద ఎందుకుందో ఈ మూడింటితో తెలుస్తుంది.

తూర్పు చాళుక్యుల బంగారు నాణేలు బర్మా తీరంలోని అరకాన్ దగ్గర చెదూబా దీవిలోనూ, సయాంలోనూ కూడా దొరికాయి. గోదావరి రేవుల నుంచి సముద్రం దాటి ఎక్కడిదాకా వెళ్లేవారో దీన్నిబట్టి ఊహించవచ్చు. పలచటి రేకులా ఉండే ఆ నాణేల నడుమ వరాహం గుర్తు ఉంటుంది. తర్వాతి కాలంలో బంగారు నాణేనికి "వరహా" అన్న పేరు స్థిరపడింది కూడా ఈ పంది గుర్తు నుంచే.

ధవళేశ్వరం నాణేలను దొరికినరోజే కంసాలి మూసలో వేసి ఉంటే కొన్ని తులాల బంగారంగా మిగిలేవి. చాళుక్య నాణేలు ఒకరు, చోళ నాణేలు ఒకరు పంచుకుని ఉంటే రెండు విడి నిధులని అనుకునేవాళ్లం. అవి కలిసి ఉండబట్టే చరిత్రకు పనికొచ్చాయి.

నాణేలు ఎందుకు కలుస్తాయి

వేర్వేరు కాలాల నాణేలు ఒకేచోట చేరడానికి మామూలుగా ఐదు కారణాలు ఉంటాయి.

ఒకటి, పాత నాణెం చెలామణిలోనే ఉండటం. ఇప్పటిలాగా పాత నోటు రాత్రికి రాత్రి చెల్లకుండా పోయే పద్ధతి అప్పట్లో లేదు. వెండి, బంగారు నాణెం విలువ దాని లోహంలోనే ఉండేది. రాజు పోయినా నాణెం పోదు. తూకం సరిగా ఉంటే షరాబు తీసుకునేవాడు, తరుగుంటే బట్టా కోసుకునేవాడు. షరాబు అన్న తెలుగు మాట కూడా అరబీలోని "సర్రాఫ్" నుంచి వచ్చిందే. మన నికానామాల్లో మెహర్ పక్కన "సిక్కయె రాయిజుల్ వఖ్త్" అని రాయడం వెనక ఉన్నదీ ఇదే. ఎన్నో రకాల సిక్కాలు తిరిగే కాలంలో, ఆరోజు చెలామణిలో ఉన్న సిక్కాలోనే మెహర్ చెల్లించాలని స్పష్టంగా రాయకపోతే తర్వాత తగాదా వచ్చేది.

రెండు, తరతరాల పొదుపు. దాదా వేసిన డబ్బులో కొడుకు కొంత వేస్తాడు, మనవడు ఇంకొంత వేస్తాడు. ఇలాంటి నిధిలో కాలాలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి, మధ్యలో పెద్ద ఖాళీ ఉండదు.

మూడు, వ్యాపారి సొమ్ము. నర్సాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు, పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు బట్టల వ్యాపారం చేశారు. నేతగాళ్లకు బయానాలు ఇచ్చే దళారి పెట్టెలో మూడు, నాలుగు కంపెనీల నాణేలు ఒకేరోజు ఉండటం వింత కాదు.

నాలుగు, నగలు. కాసులపేరులో కాసులు, మెడలో వేసే రూపాయల దండ, పిల్లలకు తాయెత్తుతో కట్టిన పాత సిక్కా. వీటికి రంధ్రమో, కొక్కెమో, అతుకు ముద్దో ఉంటుంది. నాణెం మీద ఆ గుర్తు ఉందంటే అది డబ్బుగా కాక నగగా బతికిందని అర్థం. నగ ఎన్ని తరాలైనా మారుతుంది కాబట్టి ఆ ఒక్క నాణెం మిగతావాటికంటే చాలా పాతదై ఉండొచ్చు.

ఐదు, నదిలో వేసిన నాణేలు. గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే కిటికీలోంచి రూపాయి వెయ్యడం ఎందరికో అలవాటు. 1900లో వచ్చిన హేవ్‌లాక్ వంతెన 1997 దాకా నడిచింది. అంటే దాదాపు వందేళ్ల చిల్లర ఆ నీళ్లలో పడింది. పుష్కరాల రోజుల్లో ఘాట్ల దగ్గర పడేది దీనికి అదనం. ఇక్కడ కాలాలన్నీ కలుస్తాయి, కానీ దాన్ని నిధి అనలేం.

చివరి నాణెం సూత్రం

కుండలో ఎంత పాత నాణెం ఉందన్నది అందరూ అడిగే ప్రశ్న. నిపుణులు ముందు వెతికేది దానికి వ్యతిరేకం. వాటిలో అన్నిటికంటే కొత్తది ఏది?

కారణం తేలిక. 1942 నాటి రూపాయి ఉన్న కుండను 1941లో పాతిపెట్టడం ఎవరివల్లా కాదు. మిగతా నాణేలు మొగలు కాలానివైనా సరే, ఆ కుండను దాచింది 1942లోనో ఆ తర్వాతో. ఇలా చివరి నాణెం ఒక్కటే దాచిన కాలానికి కింది హద్దు గీస్తుంది. దాన్ని తీసేస్తే అదే కుండ రెండొందల ఏళ్ల నాటిదిగా కనిపిస్తుంది.

చివరి నాణెం ఎంత అరిగిందో కూడా చూస్తారు. టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు పదునుగా ఉంటే, అది తయారైన కొద్దికాలానికే దాచారని అర్థం. అక్షరాలు సగం అరిగిపోయి ఉంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు చేతులు మారి ఉంటుంది. అప్పుడు దాచిన ఏడాది ఇంకా ముందుకు జరుగుతుంది.

నాణెం మీద ఏడాది చూసి మోసపోవద్దు

డెల్టాలో ఎక్కువగా కనిపించే నాణేలను గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి.

పేరు, అక్షరం ఏమీ లేకుండా సూర్యుడు, చక్రం లాంటి గుర్తులు విడివిడిగా గుద్దిన వెండి ముక్కలు విద్ధాంక నాణేలు. ఇవి రెండువేల ఏళ్లు దాటినవి. సీసపు బిళ్లల మీద ఏనుగో, ఓడో ఉండి చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు ఉంటే అవి శాతవాహనుల కాలానివి.

అరబీ లిపి ఉన్న నాణేల విషయంలో ఉర్దూ చదవడం వచ్చిన ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది. రాజమండ్రి పెద్ద మసీదు మీద ఫార్సీ శాసనం 1324 నాటిది. కుతుబ్‌షాహీలు 1570ల మొదట్లో రాజమండ్రి తీసుకున్నారు, 1687లో గోల్కొండతోపాటు ఈ సీమ మొగలుల కిందికి వెళ్లింది. మొగలు రూపాయి మీద ఒకవైపు పాదుషా పేరు, రెండోవైపు "జర్బ్" అన్న మాట పక్కన టంకశాల ఉన్న ఊరి పేరు, "జులూస్" అన్న మాటతో ఆయన గద్దెనెక్కిన ఎన్నో ఏడో ఉంటాయి. మన తీరానికి దగ్గరి టంకశాల మచిలీపట్నం. ఇంట్లో ఉర్దూ వచ్చిన పెద్దవాళ్లుంటే భూతద్దంతో కొన్ని అక్షరాలైనా కూడబలుక్కోవచ్చు.

హిజ్రీ సంవత్సరాన్ని మార్చుకోవడానికి చిన్న లెక్క ఉంది. హిజ్రీ అంకెలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపాలి. 1172లోంచి 35 తీస్తే 1137. దానికి 622 కలిపితే 1759. ఏడాది అటూఇటూగా సరిపోతుంది.

అయితే ఇదే 1172తో పెద్ద తిరకాసు కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కొట్టిన ఆర్కాటు రూపాయల మీద రెండో ఆలంగీర్ పేరు, 1172 హిజ్రీ, 6వ జులూస్ ఏడాది అలాగే ఉంచేశారు. పాదుషా పోయి పదుల ఏళ్లు గడిచినా అదే అచ్చు. జనం నమ్మిన ముద్రను మారిస్తే బజారులో చెల్లదని భయం. విక్టోరియా రూపాయిల్లోనూ ఇదే జరిగింది. 1862 అని ఉన్న రూపాయిలు 1874 దాకా తయారయ్యాయి. వెనకవైపు ఉండే చుక్కలను బట్టి నిపుణులు వాటిని విడదీస్తారు. కాబట్టి "దీనిమీద 1862 ఉంది, ఇది ఆ ఏడాదిదే" అని ఇంట్లో తేల్చెయ్యకూడదు.

రాగి నాణేల్లో ఒకటి మన ప్రాంతానికే ప్రత్యేకం. 1794, 1797 సంవత్సరాలతో, రూపాయికి 48 అని ఇంగ్లీషులో రాసి ఉన్న రాగి బిళ్లలను కంపెనీ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో చేయించి ఉత్తర సర్కారుల కోసం తెప్పించింది. ఉత్తర సర్కారులంటే రాజమండ్రి, ఏలూరు ఉన్న సీమే. రాగి నాణేన్ని అప్పట్లో "డబ్బు" అనేవారు. ఈరోజు సొమ్మంతటికీ అదే పేరైంది.

1818లో మద్రాసు రాజధానిలో లెక్కలు వరహాల నుంచి రూపాయిలకు మారాయి. వంద వరహాలకు 350 రూపాయలని రేటు కట్టారు. 1835 నుంచి దేశమంతా ఒకే తూకం రూపాయి వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. ఇంట్లో దొరికే పాత చిల్లరలో సింహభాగం ఈ 1835, 1957 మధ్యదే.

కుండను ఎందుకు ఖాళీ చెయ్యకూడదు

ఇంగ్లండులోని ఫ్రోమ్ దగ్గర 2010లో ఒక మెటల్ డిటెక్టర్ అభిరుచిపరుడికి పొలంలో సిగ్నల్ వచ్చింది. కొంచెం తవ్వి, కుండ మూతి కనిపించగానే ఆపేసి పురావస్తు శాఖవాళ్లను పిలిచాడు. వాళ్లు కుండను పొరలుపొరలుగా విప్పారు. మొత్తం 52,503 రోమన్ నాణేలు తేలాయి. అన్నిటికంటే కొత్తవైన కరాసియస్ అనే పాలకుడి నాణేల్లో ఎక్కువ భాగం పైన లేవు, కుండలో సగానికంటే కిందికి ఒక గుంపుగా ఉన్నాయి. కొద్దికొద్దిగా పొదుపు చేసినదైతే కొత్తవి పైనే ఉండాలి. అంటే ఆ సొమ్మంతా ఒకేసారి కుండలో పోశారన్నమాట. అతను ఆత్రపడి గంపలో గుమ్మరించి ఉంటే ఈ ఒక్క సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అదే దేశంలో 2007లో యార్క్ ప్రాంతంలో డిటెక్టర్లతో తిరుగుతున్న తండ్రీకొడుకులకు వెండి గిన్నె దొరికింది. అందులో 617 వెండి నాణేలున్నాయి. ఇంగ్లండు రాజుల నాణేల పక్కనే కలిమా ముద్రించిన ఇస్లామీ దిర్హములు ఉన్నాయి. వెయ్యేళ్ల కిందట మధ్య ఆసియా వెండి వైకింగుల చేతుల మీదుగా ఇంగ్లండు చేరిందని ఆ గిన్నె చెప్పింది. వాళ్లు కూడా గిన్నెను ఖాళీ చెయ్యకుండా అప్పగించారు కాబట్టే మ్యూజియంలో దాన్ని జాగ్రత్తగా విప్పగలిగారు.

డెల్టాలో డిటెక్టర్ ఎంతవరకు పనిచేస్తుంది

డిటెక్టర్ చుట్ట నుంచి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళ్తుంది. లోహం తగిలితే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి, ఆ తేడాను యంత్రం చప్పుడుగా చెబుతుంది. మామూలు యంత్రాలు ఒక్క నాణేన్ని జానెడు లోతు వరకే పట్టగలవు. కుండ లాంటి పెద్ద ముద్దను ఇంకొంచెం లోతులో పడతాయి.

డెల్టాలో పాత నేల ఒండ్రు కింద లోతుగా పూడి ఉంటుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పుతేమ నేల కూడా విద్యుత్తును మోసి తప్పుడు చప్పుళ్లు ఇస్తుంది. అందుకే ఇక్కడ నిధులు యంత్రానికంటే జేసీబీకి, గునపానికి ఎక్కువగా తగులుతాయి. ఘాట్ల దగ్గర పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి తీసేవి కూడా ఎక్కువగా ఇప్పటి స్టీలు నాణేలే. బంగారం, వెండి, రాగి అయస్కాంతానికి అంటవు.

ఒక హెచ్చరిక. గుంటుపల్లి, పెదవేగి, ఆదుర్రు లాంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. అక్కడ డిటెక్టర్ పట్టుకుని తిరగడం సరదా కింద చెల్లదు.

చట్టం ఏమంటుంది

1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలోగానీ, నేలకు అంటుకుని ఉన్నదానిలోగానీ దాచిన విలువైన ఏ వస్తువైనా దీని కిందికి వస్తుంది. ఇంటి గోడ కూడా అందులో భాగమే. విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినవాళ్లు వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్న నాలుగూ ఉండాలి. వస్తువును దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో జమ చెయ్యాలి, లేదా కలెక్టరు అడిగిన హామీ ఇవ్వాలి.

తర్వాత కలెక్టరు ప్రకటన ఇస్తారు. నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలు దాటకుండా ఒక తేదీ పెట్టి హక్కుదారులను రమ్మంటారు. ఆరోజు రానివాళ్ల హక్కు పోతుంది.

చివరి నాణెం సూత్రం పనికొచ్చేది ఇక్కడే. ఆ నిధిని గత నూరేళ్ల లోపల తామో, తమకు వారసత్వం ఇచ్చినవాళ్లో దాచారని ఎవరైనా హక్కు అడిగితే, అది నమ్మదగినదిగా కలెక్టరుకు కనిపిస్తే, సివిల్ కోర్టులో తేల్చుకోవడానికి గడువు ఇస్తారు. ఒక పాత ఇంటి గోడలో మొగలు రూపాయిలు, 1862 రూపాయిలు, నాలుగు 1942 రూపాయిలు కలిసి దొరికాయనుకుందాం. ఆ నాలుగు ఉంటే "ఇది మా దాదా దాచింది" అన్న మాటకు బలం ఉంటుంది. అవి పిల్లల చేతిలోకి, అక్కడినుంచి పాత సామాన్లవాడి సంచిలోకి వెళ్లిపోతే మిగిలేది నూరేళ్లు దాటిన అనాథ నిధి.

ఎవరూ హక్కుదారులు కారని తేలితే నిధి దొరికినవాళ్లకు, స్థలం యజమానికి చెందుతుంది. వాళ్ల మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవాళ్లకు, ఒక వంతు యజమానికి. చట్టం చూసేది ఎవరికి దొరికిందన్నది. గునపం పట్టిన కూలీ మనిషికి దొరికితే ఆయనే దొరికినవాడు. కూలీ ఇచ్చి పంపేస్తే సరిపోతుందని అనుకోవడం తప్పు.

ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. ఉదాహరణకు లోహం విలువ 10 లక్షలైతే చెల్లించేది 12 లక్షలు. నాలుగింట మూడు లెక్కన దొరికినవాళ్లకు 9 లక్షలు, యజమానికి 3 లక్షలు. చెప్పకుండా దాచేస్తే దొరికినవాళ్ల వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడొచ్చు. దాచడానికి సాయపడిన యజమానికి ఆరు నెలల వరకు జైలు ఉంది.

గల్ఫ్‌లో బంధువులున్న కుటుంబాలు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. దుబాయిలో ఉన్న తమ్ముడికి "గుర్తుగా" ఇచ్చి పంపినా నేరమే. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు ఉంది. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి.

షరీఅత్ కోణం

భూమిలో దొరికిన పాత నిధిని ఫిఖ్‌లో రికాజ్ అంటారు. దానిలో ఐదో వంతు తీయాలన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దారిలో పడిపోయిన ఇతరుల సొమ్ము లుఖతా. దానికి యజమానిని వెతకాలి, ప్రకటించాలి.

రెండింటినీ విడదీయడానికి హనఫీ ఫిఖ్ గ్రంథాలు నాణెం మీది ముద్రనే చూస్తాయి. కలిమా లాంటి ఇస్లామీ గుర్తు ఉంటే అది ముస్లింల సొమ్ము, లుఖతా లెక్కలోకి వస్తుంది. ఇస్లాంకు ముందరి గుర్తులుంటే రికాజ్ లెక్కలోకి వస్తుంది. మరి ఒకే కుండలో వరాహం గుర్తూ, కలిమా గుర్తూ ఉంటే? ఇలాంటిదాన్ని ఇంట్లో తేల్చుకోకుండా, నాణేల పూర్తి జాబితాతో ముఫ్తీ సాబ్‌ను అడగాలి. జాబితా సరిగా లేకపోతే ఫత్వా కూడా సరిగా రాదు. ఈ దేశంలో ముందు కలెక్టరుకు చెప్పడం చట్టం పెట్టిన బాధ్యత. చేతికి వచ్చిన వాటా మీద ఏం తీయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న.

నిధి కాకుండా, పెద్దల నుంచి న్యాయంగా వచ్చిన వెండి రూపాయిలు పెట్టెలో ఉన్నవాళ్లు జకాత్ లెక్క చూసుకోవాలి. 1835 తర్వాతి రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. అందులో నూటికి 91 పాళ్లకు పైగా వెండి. వెండి నిసాబ్ 52న్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. వెండి ఎక్కువ పాళ్లున్న నాణేన్ని వెండిగానే లెక్కిస్తారు కాబట్టి అలాంటివి 53 ఉంటే నిసాబ్ దాటినట్టే. 1940 నుంచి వచ్చిన రూపాయిల్లో వెండి సగానికి పడిపోయింది, వాటిని విడిగా అడిగి తెలుసుకోవాలి.

మోసాల గురించి

పాత నాణేల పేరుతో మూడు రకాల మోసాలు నడుస్తున్నాయి. "తవ్వకంలో దొరికాయి, సగం ధరకే ఇస్తాం" అని ఒకటి, రెండు నిజమైన బంగారు నాణేలు చూపించి తర్వాత ఇత్తడి బిళ్లలు అంటగట్టేవాళ్లు ఒక రకం. "మీ ఇంటి కింద ఖజానా ఉంది, జిన్నాతు కాపలా ఉంది" అంటూ అమలియాత్ పేరుతో వేలు గుంజేవాళ్లు రెండో రకం. అలాంటివాళ్ల మాట విని సొంత ఇంటి పునాదులు తవ్వుకుంటే పోయేది ఇల్లే. మూడోది ఆన్‌లైన్. మామూలు ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామని చెప్పి ముందుగా ఫీజు, పన్ను అడుగుతారు. తమ పేరు వాడుకుని ఇలా చేస్తున్నారని, తాము అలాంటి లావాదేవీలు చెయ్యమని, ఏ ఫీజూ అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

దొరికినరోజు చెయ్యవలసినవి

1. తవ్వడం ఆపాలి. కుండను కదపకుండా ఫోనులో ఫోటోలు తియ్యాలి. పక్కన స్కేలో, చెయ్యో పెడితే సైజు తెలుస్తుంది. ఎంత లోతులో ఉందో రాసుకోవాలి.

2. కుండలోవి గుమ్మరించకూడదు. పగిలిపోయి ఉంటే మట్టితో సహా ఒకే పళ్లెంలోకి తియ్యాలి. గుడ్డ పీలికలు, పెంకులు కూడా పారెయ్యకూడదు.

3. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు పెట్టి తోమకూడదు. ఆకుపచ్చ పొర కింద ఉన్న అక్షరాలు తోమితే పోతాయి, వాటితోపాటు విలువా పోతుంది.

4. ఊళ్లో ఇద్దరు, ముగ్గురు పెద్దల ముందు లెక్కపెట్టి కాగితం రాయాలి. బంగారం, వెండి, రాగి, సీసం అన్నీ ఒకే జాబితాలో ఉండాలి. కొత్తవిగా కనిపించేవి వదిలెయ్యకూడదు.

5. వీఆర్వో, తహసీల్దారు ద్వారా కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. సంఖ్య, తూకం రాసిన రసీదు తీసుకోకుండా నాణేలు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. పంచనామా రాస్తే నకలు అడగాలి.

6. ప్రకటన తేదీ కనుక్కుని ఆరోజు హాజరు కావాలి. పాత ఇల్లయితే దస్తావేజులు, పన్ను రసీదులు, వారసత్వ పత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

తవ్వకంలో కాకుండా పెద్దల పెట్టెలోనే ఉన్న పాత నాణేలు ఏ కాలానివో తెలుసుకోవాలంటే రాజమండ్రిలో రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం ఉంది. అక్కడికి నాణేలు మూటగట్టుకుని వెళ్లేకంటే, రెండువైపులా తీసిన ఫోటోలు, తూకం రాసిన చీటీ పట్టుకెళ్లడం మంచిది. పెట్టెలో ఏ నాణెం ఏ నాణెంతో కలిసి ఉండేదో కూడా ఆ చీటీలో రాయాలి. అది ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.